కూడితే తొమ్మిది

ఏ బండి ఎక్కినా ముందు దాని మీటరు చదవడం నాకు అలవాటు. ఇది పుట్టుకతో వచ్చింది కాదు, సికింద్రాబాద్ ఆటోవాళ్ళు నేర్పింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆలస్యమైన రోజున స్టేషన్ దగ్గర ఆటో ఎక్కి లాలాగూడలో మా ఆఫీసు ముందు దిగేదాన్ని. అదే దారి, అదే దూరం. మీటరు మాత్రం ఎండాకాలంలో ఒక లెక్క, వానాకాలంలో ఇంకో లెక్క చెప్పేది. మనిషి చేతిలో సూట్‌కేసు ఉంటే మూడో లెక్క. "మీటర్ గరమైందమ్మా" అనేవాడు ఒకాయన, పిల్లకు జ్వరం వచ్చిందని చెప్పినంత దిగులుగా. నేను ఎక్కినప్పటి అంకె, దిగినప్పటి అంకె మనసులో పెట్టుకుని, రోడ్డు మీదే తీసివేత చేసి చెప్పేదాన్ని. నాతో కలిసి ఆటో ఎక్కడానికి ఆఫీసులో ఆడవాళ్ళు సిగ్గుపడేవారు. డబ్బులు మిగిలినప్పుడు మాత్రం సిగ్గుపడలేదు.

అలా జీవితమంతా ముందుకు పరుగెత్తే మీటర్లతో పోట్లాడిన నేను, డెబ్బై నాలుగో ఏట వెనక్కి నడిచే మీటరును చూశాను.

మా ఇల్లు మారేడ్‌పల్లిలో. ఇల్లు నాది, సంపాదన మా అమ్మాయిదీ అల్లుడిగారిదీ, అభిప్రాయాలు పూర్తిగా అల్లుడిగారివి. అమ్మాయి మల్కాజ్‌గిరిలో ఒక బడిలో సోషల్ చెబుతుంది. స్కూటరు మీద వెళ్ళివచ్చేది. నిరుడు వానల్లో రైలు కట్ట కింది దారిలో నీళ్ళు నిలిచి ఉంటే, ఆ నీళ్ళ కింద గుంట ఉందని తెలియక పడింది. కుడి మణికట్టు విరిగింది. లోపల ప్లేటు వేశారు. ఆ చేత్తో నల్లబల్ల మీద రాయగలుగుతోంది కాని, స్కూటరు హ్యాండిలు పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. అప్పటి నుంచి ఒక బస్సు, ఒక ఆటో, మధ్యలో కొంత నడక. సాయంత్రం ఇంటికి వచ్చి సోఫాలో కూలబడి, అరగంట దాకా లేచేది కాదు.

యాభై ఒకటో ఏట కారు నడపడం నేర్చుకుంది. రెండోసారికి లైసెన్సు వచ్చింది. ఎన్నో ఏళ్ళుగా కట్టిన చీటీ ఎత్తి, బడి తెరిచేలోగా ఒక చిన్న పాత కారు కొనుక్కోవాలని నిశ్చయించుకుంది. ఆ డబ్బు మళ్ళీ పోగయ్యేది కాదు. కొన్న బండి చెడ్డదైతే మళ్ళీ బస్సు, ఆటో, నడక. ఈ సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

బండి ఎంపిక చేసే బాధ్యత అల్లుడిగారు తీసుకున్నారు. ఆయనకు డ్రైవింగు రాదు. రాదు కనుకనే కార్ల గురించి ఏ సందేహమూ లేదు. ఫోనులో వీడియోలు చూసి టైర్ల గురించి, ఇంజన్ల గురించి భోజనాల దగ్గర మాకు పాఠాలు చెప్పేవారు. అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం మాత్రం ఆయన సొంతం. అంకెలన్నీ కూడితే తొమ్మిది రావాలి.

మాది మూడు తరాలుగా గుడికి వెళ్ళే కుటుంబం. మా గుడి అంటే చర్చి. మేం ముహూర్తాలు చూడం, వాస్తు చూడం, పిల్లి ఎదురొస్తే దాన్ని అదిలించి ముందుకు పోతాం. అల్లుడిగారి ఫోను నంబరు కూడితే తొమ్మిది. బ్యాంకు లాకరు తొమ్మిది. మా గుడిలో కొత్త బెంచీలకు అంకెలు వేసినప్పటి నుంచి ఆయన పద్దెనిమిదో బెంచీలోనే కూర్చుంటారు, అక్కడ ఫ్యాను అందకపోయినా.

"ఇది మన విశ్వాసానికి విరుద్ధం కాదా బాబూ?" అని ఒకసారి అడిగాను.

"ముహూర్తాలు నమ్మకం, అత్తయ్యగారూ. అంకెలు సైన్సు," అన్నారు.

ఆయన పనిచేసేది ఇన్సూరెన్సు ఆఫీసులో. ఏ మనిషికి ఎప్పుడు ఏ ప్రమాదం జరిగే వీలుందో లెక్కలు కట్టి బతికే చోటు అది. అక్కడ ఆ లెక్కలు ఎవరు కడుతున్నారో తలచుకుంటే నాకు పాలసీదారుల మీద జాలి వేస్తుంది.

ఆయన ఫోనులో పట్టుకున్న బండి మల్కాజ్‌గిరి దారిలో ఒక పాత కార్ల దుకాణంలో ఉంది. దుకాణమంటే ఖాళీ స్థలం, మూల ఒక రేకుల గది, వరసగా పాతిక కార్లు. బుధవారం సాయంత్రం ముగ్గురం వెళ్ళాం. దుకాణం యజమాని నలభై ఏళ్ళ మనిషి, నల్లకళ్ళద్దాలు నెత్తి మీద పెట్టుకుని ఎదురొచ్చాడు. ముందు మా అమ్మాయి మెడలో గొలుసు చూశాడు. దానికి చిన్న సిలువ ఉంది. ఆ తర్వాతే నోరు తెరిచాడు.

"నమస్తే మేడమ్. డాక్టరమ్మ బండి. సింగిల్ ఓనర్. ఆదివారం చర్చికి తప్ప గేటు దాటలే."

బండి తెల్లగా, ముద్దుగా ఉంది. టైర్లకు నల్లరంగు పూసి మెరిపించారు. ముందు బంపరుకు నిమ్మకాయ, పచ్చిమిరపకాయల దండ వేలాడుతోంది. చర్చికి వెళ్ళే డాక్టరమ్మకు దిష్టి భయం కూడా ఉన్నట్టుంది. మా అమ్మాయి చుట్టూ తిరిగి చూస్తుండగా దుకాణం ఆయనకు ఫోను వచ్చింది. పక్కకు తిరిగి మాట్లాడాడు గాని గొంతు తగ్గించలేదు.

"అన్నా, చెప్పిన గదా. గుట్టకు దర్శనానికి తప్ప ఎక్కడికి పోలే ఆ బండి. పూజ చేసిన బండి."

ఫోను పెట్టాక, "ఏ బండి బాబూ?" అన్నాను.

"అది వేరే బండమ్మా."

"దాని ఓనరు కూడా డాక్టరమ్మేనా?"

"ఆమె లాయరమ్మ."

అల్లుడిగారు నా వైపు చూసి, తలుపు తెరిచి, "మీరు కూర్చోండి అత్తయ్యగారూ, ఎండగా ఉంది," అన్నారు. నన్ను ఎక్కడైనా కూర్చోబెడితే మాట్లాడనని ఆయనకు ఇంకా ఆశ.

వెనక కూర్చున్నాను. సీటు కుంగిపోయింది. కిటికీ వైపు అంచున గుడ్డ అరిగి దారాలు తేలాయి. ముందు ఎడమ సీటు మాత్రం కొత్తదానిలా ఉంది. సొంత కారులో మొదట అరిగేది ముందు సీట్లు. వెనక సీటు ఇంతగా అరగాలంటే రోజూ జనం ఎక్కి దిగాలి.

"డాక్టరమ్మ ఒక్కతే కదా చర్చికి వెళ్ళేది. వెనక సీటు ఎవరు కూర్చుంటే ఇలా అరిగింది?"

"పేషెంట్లు కూసుంటరు కదమ్మా."

"చర్చికా?"

ఆయన నవ్వాడు. కోపం లేని నవ్వు. "పెద్దమ్మ మస్తు హుషారున్నది సార్," అని అల్లుడిగారితో అన్నాడు. అల్లుడిగారు క్షమాపణగా నవ్వారు. మా ఇంట్లో నా తరఫున అల్లుడిగారు చాలామందికి క్షమాపణలు చెప్పారు. ఎవరైనా పోగుచేస్తే పెద్ద మూటే అవుతుంది.

మా అమ్మాయి డ్రైవరు సీట్లో కూర్చుని కాళ్ళు చాపి చూసుకుంది. పొట్టి మనిషి. అందుతున్నాయో లేదో అని దాని బెంగ. దిగి ఆ తలుపు దగ్గరికి వెళ్ళాను. నేను వంగి చూశాను. బ్రేకు పెడలు మీద రబ్బరు గీతలు పూర్తిగా పోయి నాపరాయిలా నున్నగా ఉంది. నా చెప్పుల అడుగున గీతలు పోవాలంటే రెండేళ్ళు మార్కెట్టుకు నడవాలి. వారానికి ఒక్కసారి దైవసన్నిధికి వెళ్ళే పాదం రబ్బరును ఇలా అరగదీసిందంటే, ఆ డాక్టరమ్మ దారి పొడుగునా బ్రేకు తొక్కుతూనే వెళ్ళి ఉండాలి.

"సర్వీసు పుస్తకం ఉందా?"

"వానలకు తడిసిపోయిందమ్మా. వాళ్ళ అపార్ట్‌మెంట్ సెల్లార్‌ల నీళ్ళొచ్చినయి."

"బండి సెల్లారులో ఉందా అయితే?"

"బండి లేదమ్మా. పుస్తకమే ఉండె."

బండి పైన ఉండగా దాని పుస్తకం ఒక్కటే సెల్లారుకు దిగి ఏం చేస్తోందో అడుగుదామనుకున్నాను. అప్పటికే అమ్మాయి తాళం తిప్పింది. అందరం ఎక్కి ఒక చుట్టు తిరిగి వచ్చాం. అమ్మాయి బాగా నడిపింది. వంతెన ఎక్కేటప్పుడు ఇంజను కొంచెం మూలిగింది కాని, దాని మొహంలో ఎన్నో నెలలకు ఒక వెలుగు కనిపించింది. ఆ వెలుగు చూసి నేను కూడా కాసేపు నోరు మూసుకున్నాను.

తిరిగి వచ్చి ఆపినప్పుడు, అలవాటుగా ముందు సీట్ల మధ్య నుంచి తల పెట్టి మీటరు చదివాను. నలభై ఎనిమిది వేల మూడు వందల అరవై అయిదు. అల్లుడిగారు కూడా చదివారు. చదివి వేళ్ళు మడిచారు.

"నాలుగూ ఎనిమిదీ పన్నెండు, మూడు పదిహేను, ఆరు ఇరవై ఒకటి, అయిదు ఇరవై ఆరు. రెండూ ఆరూ..." ఆయన మొహం వాడిపోయింది. "ఎనిమిది."

"ఏమైంది సార్?" అన్నాడు దుకాణం ఆయన.

"ఎనిమిది మనకు పడదండీ. శని."

"ఇంకో కిలోమీటరు నడిపితే తొమ్మిది అవుతుంది," అన్నాను. "బండి కదిలితే మారే అంకె అది. ఇంటి నంబరు కాదు."

"మొదట చూసిన అంకె లెక్క, అత్తయ్యగారూ. అయినా నలభై ఎనిమిది కొంచెం ఎక్కువే. నలభై లోపు ఉండి, కూడితే తొమ్మిది వచ్చి ఉంటే కళ్ళు మూసుకుని తీసుకునేవాణ్ణి."

ఈ చివరి మాట ఆయన భార్య వైపు తిరిగి అన్నారు. కాని అక్కడ వినాల్సిన చెవి వింది. దుకాణం ఆయన నెత్తి మీది కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ నెత్తి మీదే పెట్టుకున్నాడు.

"సార్, జెర టైమియ్యిరి. బండిని సర్వీసుకు పంపిస్త, మంచిగ కడిగిస్త. శనివారం రాండ్రి. మీకు నచ్చేటట్టు చేసి పెడ్త."

ఆ రెండు రోజులూ మా అమ్మాయి ఇంట్లో ఉన్నా దాని మనసు ఆ బండిలోనే ఉంది. బజారుకు వెళ్ళి సీటు మీద వేసుకోవడానికి ఒక దిండు కొనుక్కొచ్చింది, నీలం గుడ్డది, గట్టిది. పొట్టివాళ్ళకు రోడ్డు బాగా కనిపిస్తుందట. శుక్రవారం రాత్రి వంటిల్లు సర్దుతూ అడిగింది.

"అమ్మా, తీసుకోనా?"

"బ్రేకు పెడలు చూశావా?"

"రబ్బరు మార్పించుకుంటే పోతుందిగా."

"రబ్బరు మారుతుంది. దాన్ని తొక్కినన్ని రోజులు మారతాయా?"

గిన్నెలు బోర్లించి, చెయ్యి తుడుచుకుంటూ, ఎడమ చేత్తో కుడి మణికట్టు నొక్కుకుంది. "బడి తెరుస్తారమ్మా," అంది. అంతే. ఆ మాటకు నా దగ్గర తీసివేత లేదు.

శనివారం మేం వెళ్ళేసరికి దుకాణం ఆయన గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి రెండు చేతులూ జోడించాడు.

"వందనాలు సార్. వందనాలమ్మా."

బుధవారం నాడు నమస్తే అన్న మనిషి. మా గుడిలో కొత్తగా చేరినవాళ్ళకు ఆ మాట నోటికి రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఈయనకు మూడు రోజులు చాలాయి.

బండి దగ్గరకు వెళితే అది కూడా మారుమనస్సు పొంది ఉంది. నిమ్మకాయల దండ లేదు. లోపల అద్దానికి చెక్క సిలువ వేలాడుతోంది. వెనక అద్దం మీద 'దేవుడు ప్రేమ' అని పెద్ద స్టిక్కరు, ఒక మూల గాలిబుడగ ఇంకా అణగలేదు. ఆదివారం వేరే మతంవాళ్ళు కొనడానికి వస్తే, ఆ గాలిబుడగ అణగకముందే దేవుడు ఊడివస్తాడు.

"డాక్టరమ్మదే ఆ సిలువ," అన్నాడాయన. "యాదిమరిచి తీసుకపోయె. మళ్ల తెచ్చిచ్చింది, మీ లెక్క మంచోళ్ళు కొంటున్నరని."

మా అమ్మాయి దిండు సీటు మీద వేసుకుని కూర్చుంది. రోడ్డు కనిపిస్తోందో లేదో మెడ ఎత్తి చూసుకుంది. అల్లుడిగారు పక్కన కూర్చున్నారు. తాళం తిప్పగానే మీటరు వెలిగింది. అల్లుడిగారి వేళ్ళు లేచాయి.

"మూడూ తొమ్మిదీ పన్నెండు. రెండు పద్నాలుగు. ఆరు ఇరవై. ఏడు ఇరవై ఏడు. రెండూ ఏడూ..." ఆయన మళ్ళీ మొదటి నుంచి వేళ్ళు మడిచి చూసుకున్నారు. "తొమ్మిది. నలభై లోపే. చూశావా? నేను చెప్పానా లేదా? ప్రార్థనకు జవాబు."

నేను వెనక నుంచి తొంగి చూశాను. ముప్ఫై తొమ్మిది వేల రెండు వందల అరవై ఏడు.

"బుధవారం నలభై ఎనిమిది వేల మూడు వందల అరవై అయిదు," అన్నాను.

అల్లుడిగారు మెల్లగా తల తిప్పారు. "మీరు సరిగ్గా చూసి ఉండరు అత్తయ్యగారూ. మీ కంటి ఆపరేషను..."

"ఆపరేషను అయిన తర్వాతే బాగా కనిపిస్తోంది. పోనీ, నా కళ్ళు వదిలేయండి. బుధవారం ఇదే సీట్లో కూర్చుని ఎనిమిది వచ్చిందని దిగులుపడింది మీరు. ఈ బండి మూడు రోజుల్లో తొమ్మిది వేల తొంభై ఎనిమిది కిలోమీటర్లు వెనక్కి నడిచింది. కన్యాకుమారికి మూడుసార్లు వెళ్ళి రావచ్చు, ఇంకా మిగులుతుంది. అదీ రివర్సులో."

అల్లుడిగారు మీటరు వైపు, నా వైపు చూశారు. ఆ మనిషి లోపల ఏం జరుగుతోందో నాకు తెలుసు. తొమ్మిది వేల కిలోమీటర్ల అబద్ధం ఒక పక్క, ఒక్క తొమ్మిది ఒక పక్క. తొమ్మిదే బరువుగా ఉంది.

నేను దుకాణం ఆయన వైపు తిరిగాను. ఆయన తడబడతాడనుకున్నాను. మీటరు పాడైందనో, సర్వీసులో కొత్తది వేశారనో కథ చెబుతాడని, ఆ కథలో ఎక్కడ పట్టుకోవాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. ఆయన కిటికీ మీద చెయ్యి వేసి, నన్ను చూసి నిజంగా ఆశ్చర్యపోయాడు.

"సారే అడిగిండు కదమ్మా."

"ఏం అడిగారు?"

"నలబై లోపలుండాలె, కూడితే తొమ్మిది రావాలె అన్నడు. మా పిలగాన్ని పిలిపించి చేయించిన. రెండు సార్లు చేసిండు పాపం, ముందుగాల ఏడొచ్చింది. తొమ్మిదికి సెట్ చేసేదాంక ఇడవలే నేను. సార్ ఖుషీగ ఉండాలె కదా."

"నేను అలా అడగలేదండీ," అన్నారు అల్లుడిగారు. "ఉంటే బాగుండేదన్నాను."

"అదే కద సార్. ఉండేటట్టు చేసినం."

ఆ మనిషి గొంతులో దొంగతనం లేదు. దర్జీ దగ్గర చేతులు పొడుగన్నాం, కత్తిరించి ఇచ్చాడు. అంతే. పైగా మనం మెచ్చుకోలేదని కొంచెం నొచ్చుకున్నాడు.

"మీటరు మార్చడం తప్పని తెలియదా?" అన్నాను.

"అమ్మా, ఈ లైన్ల మేమొక్కలమేనా? ఉన్నది ఉన్నట్టు పెడ్తే ఒక్క బండి సుత గేటు దాటది. తొంబై వేలు అంటే దండం పెట్టి పోతరు. నలబై వేలు అంటే కూసుంటరు. మీకు కావల్సిందే మేం పెడ్తం. మీరు పరేషాన్ గాకున్రి, ఇంజన్ ఫస్ట్ క్లాసున్నది."

అందులో సగం మా అల్లుడిగారి గురించి అక్షరాలా నిజం.

అప్పటిదాకా స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్న మా అమ్మాయి అడిగింది. గొంతు ఎత్తలేదు. తరగతిలో వెనక బెంచీ పిల్లవాణ్ణి అడిగినట్టు అడిగింది.

"అయితే ఈ బండి నిజంగా తిరిగింది నలభై ఎనిమిది వేలా?"

దుకాణం ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. అబద్ధం కోసం కాదు, గుర్తుచేసుకోవడానికి.

"అది నాకెట్ల తెలుస్తది మేడమ్? నా దగ్గరికొచ్చినప్పుడే నలబై ఎనిమిదుండె. అమ్మినోడు ఎంత పెట్టిండో."

నా మొహం ఎలా ఉందో నేను చూసుకోలేదు. బుధవారం నుంచి ఆ అంకెను కంటికి రెప్పలా కాపాడుకున్నాను. గిన్నెలు కడుగుతూ అనుకున్నాను, పడుకోబోయే ముందు అనుకున్నాను. శనివారం ఆయన ముందు దాన్ని రుజువుగా పెట్టాలని. అదీ ఎవరో పెట్టిన అంకే. అబద్ధాన్ని ఒక్క అంకె పొల్లుపోకుండా గుర్తుపెట్టుకున్న ఘనత నాది.

"డాక్టరమ్మను అడిగితే చెప్పదా?" అంది మా అమ్మాయి.

"ఏ డాక్టరమ్మ?" అన్నాడాయన. తర్వాత గుర్తొచ్చి, "ఆమె ఊళ్ళ లేదు మేడమ్," అన్నాడు.

ఇక్కడితో ఎవరైనా దిగి ఇంటికి పోతారు. అల్లుడిగారు మాత్రం గొంతు సవరించుకున్నారు. "సరే, జరిగిందేదో జరిగింది. మీటరు సంగతి మాకు తెలిసిపోయింది కాబట్టి ధరలో తగ్గించాలి మరి."

"తగ్గిస్త సార్," అన్నాడు దుకాణం ఆయన వెంటనే. "మీకు కాకపోతే ఎవరికి తగ్గిస్త?"

ఇద్దరూ కిటికీలోంచి బేరం మొదలుపెట్టారు. వాళ్ళలో ఎవరు ఎవరిని మోసం చేస్తున్నారో నాకు కాసేపు అర్థం కాలేదు. బండి ఎంత తిరిగిందో తెలియదు. ఎవరు తిప్పారో తెలియదు. బ్రేకు ఎన్నేళ్ళదో తెలియదు. అయినా ధర దిగుతోంది, తొమ్మిది నిలబడి ఉంది, ఇంకేం కావాలి.

మా అమ్మాయి కింద చూస్తోంది. కుడి పాదం ఆ నున్నటి పెడలు మీద పెట్టి నొక్కింది. వదిలింది. మళ్ళీ నొక్కింది. చెప్పు ఒక పక్కకు జారింది. ఆ జారడం నేనూ చూశాను. నీళ్ళు నిలిచిన ఆ రైలు కట్ట కింది దారి దానికి గుర్తొచ్చి ఉంటుంది. నాకైతే వచ్చింది.

అది తలుపు తీసుకుని దిగింది. వంగి సీటు మీది నీలం దిండు తీసి చంకలో పెట్టుకుంది.

"ఏమిటి, దిగావు?" అన్నారు అల్లుడిగారు. "ఇంకొంచెం తగ్గుతుంది."

"మీరు తొమ్మిది చూసుకుంటున్నారు. దీన్ని తొక్కేది నేను," అంది. గేటు వైపు నడిచింది.

దుకాణం ఆయన మా వెనకాలే గేటు దాకా వచ్చాడు. "మేడమ్, వేరే బండి సుత ఉన్నది. గదీ లేడీస్ బండే," అంటున్నాడు. లాయరమ్మదై ఉంటుంది.

ఆటోలో తిరిగి వచ్చాం. "మీటరు వెయ్యి బాబూ," అన్నాను. "ఖరాబైందమ్మా," అన్నాడతను. ఆ మాటకు నాకు ఆ రోజు ఎంత ఊరట కలిగిందో చెప్పలేను. పని చెయ్యనని చెప్పే మీటరు నయం. అల్లుడిగారు దారి పొడుగునా బయటికి చూస్తూ కూర్చున్నారు. మారేడ్‌పల్లి మార్కెట్టు దగ్గర మాత్రం ఒక మాట అన్నారు. "అతను మంచివాడే. అడగ్గానే చేశాడు."

బండి మా అమ్మాయి బళ్ళోనే దొరికింది. అక్కడ హిందీ చెప్పే టీచరు పదవీ విరమణ చేస్తోంది. ఆమె కారు ఏళ్ళ తరబడి బడి గోడ పక్కన నిలబడి ఉండటం మా అమ్మాయి రోజూ చూసిందే. పిల్లలు క్రికెట్టు బంతితో చేసిన సొట్ట కూడా ఏ తరగతి వాళ్ళదో దానికి తెలుసు. ఆ టీచరు మా ఇంటికే తెచ్చి చూపించింది. సర్వీసు చేయించిన కాగితాలన్నీ ప్లాస్టిక్ కవరులో తెచ్చింది. మీటరు అంకె చెప్పడానికి మాత్రం పెళ్ళిచూపుల్లో పిల్ల వయసు చెప్పినంత మొహమాటపడింది.

"తొంభై దాటింది టీచర్, ముందే చెప్తున్నా. తర్వాత అనుకోవద్దు."

నేను వంగి చూశాను. పెడలు గీతలు సగం అరిగాయి, తొంభై వేలకు ఎంత అరగాలో అంత. డ్రైవరు సీటు కుంగింది. వెనక సీటు కొత్తగా ఉంది, ఆమె ఒంటరిగా వచ్చి ఒంటరిగా వెళ్ళే మనిషి కనుక. మెకానిక్కుకు చూపించి, అతను సరే అన్నాక మా అమ్మాయి తీసుకుంది. మన అల్లుడిగారు అడ్డు చెప్పలేదు. ఆయన మీటరు చూసేసరికే డబ్బు చేతులు మారింది, ఆ ఏర్పాటు నాది.

మరో శనివారం సాయంత్రం బండి మా గేటు లోపల ఆగినప్పుడు మీటరు మీద తొంభై ఒక్క వేల యాభై రెండు ఉంది. అల్లుడిగారు వేళ్ళు మడిచారు. నేను ముందే కూడి ఉంచుకున్నాను. పదిహేడు. ఒకటీ ఏడూ ఎనిమిది.

ఆదివారం ఉదయం గుడికి బయలుదేరాం. ఆయన తెల్ల చొక్కా వేసుకుని బైబిలు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. ఎక్కలేదు.

"ఎనిమిదిలో మొదటి ప్రయాణం చెయ్యనండీ. మీరు వెళ్ళండి, నేను ఆటోలో వస్తా."

మా అమ్మాయి దిండు సర్దుకుని, అద్దం సరిచేసుకుని, చాలా ఓపికగా చెప్పింది. "పెద్ద రోడ్డు మలుపు ఇక్కడికి కిలోమీటరు ఉంటుంది. అక్కడి దాకా నడవండి. అక్కడికి వచ్చేసరికి తొమ్మిది అవుతుంది. ఎక్కించుకుంటాను."

ఆయన నిజంగానే నడిచారు. ఎండలో, బైబిలు నెత్తికి అడ్డం పెట్టుకుని. మేం టీ తాగి బయలుదేరి మలుపు దగ్గర ఆపాం. ఆయన కిటికీలోంచి ముందు మీటరు చూసి, తర్వాత తలుపు తీశారు. తొంభై ఒక్క వేల యాభై మూడు. కూర్చుని నుదురు తుడుచుకుని, "ఇప్పుడు బాగుంది," అన్నారు.

అంకెలు కూడే మనిషికి చిన్న లెక్క ఒకటి తట్టలేదు. కిలోమీటరుకు ఒకటి చొప్పున పెరిగే అంకె, ప్రతి తొమ్మిది కిలోమీటర్లకూ ఒకసారి ఎనిమిది దగ్గరికి తిరిగి వస్తుంది. శని ఆ బండిలో సీజన్ టికెట్ తీసుకున్నాడు. ఆరాధన అయ్యాక మల్కాజ్‌గిరిలో మా బంధువుల ఇంట్లో భోజనం. నేను వెనక కూర్చుని లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను. రైలు కట్ట దగ్గరకు వచ్చేసరికి మీటరు చివర అరవై ఒకటి వచ్చింది. అల్లుడిగారు అప్పుడే మీటరు చూశారు.

"ఆపు," అన్నారు. "ఎనిమిది వచ్చింది. నేను దిగుతాను."

ముందు కట్ట కింది దారి. అక్కడక్కడ మొన్నటి వాన నీళ్ళు. మా అమ్మాయి రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తోంది. వేగం తగ్గించింది. ఆపలేదు.

"ఇక్కడ ఆపకూడదు," అంది. "కళ్ళు మూసుకోండి."

ఆయన మూసుకున్నారు. కళ్ళు మూసుకుని తీసుకుంటానన్న మనిషి కదా. పక్కనే వెళ్తున్న స్కూటరతను లోపలికి చూసి, ఒళ్ళో బైబిలు చూసి, ఏదో ప్రార్థన అనుకుని తల వంచుకుని పోయాడు. బండి నీళ్ళలోకి దిగింది. నిరుడు తను పడిన గుంట ఎక్కడుందో మా అమ్మాయికి తెలుసు. దాని పాదం బ్రేకు మీదకు వెళ్ళింది, జారకుండా నిలబడింది, బండి గుంట పక్కనుంచి నెమ్మదిగా దాటి ఎండలోకి వచ్చింది. అద్దంలో దాని మొహం చూశాను. అది ఊపిరి వదిలాక, మీటరు మారేదాకా ఆగి, పైకి చదివాను.

"తొంభై ఒక్క వేల అరవై రెండు."

అల్లుడిగారు ఒక కన్ను తెరిచారు.